యల్లాప్రగడ సుబ్బారావు

విజయవాడ భవానీపురము మొదలుకొని సముద్రతీరము వఱకు వ్యాపించిన కృష్ణా డెల్టాలోని ప్రజలు నువ్వుల నూనెను, వేరుసెనగ నూనెను చిరకాలమునుండి వంటకు వాడుచున్నారు. వర్తకుఁడు నూనెను సోలతో కొలిచి పోసినను, త్రాసులో తూఁచి యిచ్చినను మనకు తెలియునది దాని పరిమాణము మాత్రమే. ఆ నూనె గుణ మెట్టిదో, అందు వేఱొక నూనె కలిసినదో లేదో సోల చెప్పదు; త్రాసును చెప్పదు. ఆ సంగతిని తెలిసికొనుటకు రసాయనశాస్త్రజ్ఞులు వేఱు విధమైన కొలతలను కనిపెట్టిరి.

నూనెలలోని ముఖ్యభాగములు కొవ్వు ఆమ్లములు. వానియందు కర్బన పరమాణువులు గొలుసువలె నొకదాని నొకటి పట్టుకొని యుండును. కొన్ని ఆమ్లములలో ఆ పరమాణువుల నడుమ ద్విబంధము లుండును. అట్టి వానిని అసంతృప్త ఆమ్లము లందురు. ద్విబంధ మున్నచోట అయొడిన్ వచ్చి చేరఁగలదు. 1884వ సంవత్సరమున ఆస్ట్రియా దేశీయుఁడైన హ్యూబుల్ అను శాస్త్రజ్ఞుఁడు ఈ గుణమును కొలతగా మార్చెను. కావలసినదానికంటె ఎక్కువ అయొడిన్‌ను లెక్కప్రకారము నూనెతో కలిపి చీఁకటిలో నుంచి, పిదప మిగిలిన అయొడిన్ ఎంతయో చూచినచో, నూనె గ్రహించినది ఎంతయో తేలును. 100 గ్రాముల నూనె ఎన్ని గ్రాముల అయొడిన్‌ను గ్రహించునో ఆ సంఖ్యకు అయొడిన్ సంఖ్య యని పేరు. కొబ్బరినూనెకు ఈ సంఖ్య 7.5 మొదలు 10 వఱకును, వేరుసెనగ నూనెకు 85 మొదలు 99 వఱకును, నువ్వుల నూనెకు 105 మొదలు 115 వఱకును ఉండవలెనని మన దేశపు ప్రమాణములు తెలుపుచున్నవి. సంఖ్య ఈ హద్దులను దాఁటినచో నూనె స్వచ్ఛతను శంకింపవలసి యుండును.

అయితే అయొడిన్ సంఖ్య నూనెయొక్క ఒక లక్షణమును మాత్రమే తెలుపును. గానుగనుండి వచ్చిన పచ్చినూనెలో భాస్వరముతో కూడిన కొవ్వులు కొన్ని యుండును. నూనె నిలువ యున్నపుడు అడుగున పేరుకొను మడ్డిలో ఇవియు చేరును. వీనిని లెక్కించుటకు నూనెను కాల్చి బూడిద చేసి, అందలి భాస్వరమును నీలవర్ణముగా మార్చి, ఆ వర్ణముయొక్క గాఢతనుబట్టి కొలుచు పద్ధతి యొకటి కలదు. అసంతృప్తతను అయొడిన్ బయటపెట్టినట్లే భాస్వరమును ఈ నీలిరంగు బయటపెట్టును. అట్టి నీలిరంగు కొలతను రక్తమునకును శరీరధాతువులకును నమ్మఁదగిన రీతిగా సవరించి లోకమున కిచ్చిన యిరువురిలో ఒకఁడు తెలుఁగువాఁడు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమునందు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న యుద్యోగి. అనారోగ్యముచే ఆయన యుద్యోగమును ముందుగనే విడువవలసి వచ్చెను. సంతానము పెద్దది; రాబడి స్వల్పము. ఇంటిభారమంతయు తల్లిపై పడెను. పిల్లలు చదువుకొని ప్రయోజకులు కావలెనని ఆమె పట్టుదల.

బాలుఁడైన సుబ్బారావునకు తొలుత చదువుపై నిలుకడ లేకుండెను. ఇంటి దారిద్ర్యమును చూచి, ధనము సంపాదింపవలెనను తలంపుతో పదమూఁడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి కాశీకి బయలుదేఱెను. అక్కడ యాత్రికులకు అరఁటిపండ్లు అమ్మి ధనవంతుఁడు కావచ్చునని ఆతని యూహ. త్రోవలోనే పెద్దలు పట్టి యింటికి తెచ్చిరి. రాజమహేంద్రవరములో చదువు సాగెను గాని మెట్రిక్యులేషను పరీక్షలో తప్పెను. రెండవమాఱును తప్పెను. పిమ్మట చెన్నపట్టణమునకు పోయి హిందూ హైస్కూలులో చేరి మూఁడవమాఱు కృతార్థుఁడయ్యెను. పరీక్ష తప్పుట జీవితము తప్పిపోవుట కాదని ఈ బాలుని చరిత్రమే చాటుచున్నది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు చదువుచున్న దినములలో ఆయన మనస్సు రామకృష్ణ మఠమువైపు మరలెను. సన్యసించి దీనులకు సేవ చేయవలెనని కోరిక కలిగెను. తల్లి అందుల కొప్పుకొనలేదు. వైద్యము నేర్చినచో గృహస్థుఁడుగా నుండియు రోగులకు సేవ చేయవచ్చునని తలఁచి సుబ్బారావు మద్రాసు వైద్యకళాశాలలో చేరెను. 1919వ సంవత్సరమున అనపర్తికి చెందిన కస్తూరి సూర్యనారాయణమూర్తి కుమార్తె శేషగిరితో ఆయనకు వివాహము జరిగెను. మామగారు అల్లుని చదువునకు ధనసహాయము చేసిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మాఱుమ్రోఁగుచున్న దినములు. సుబ్బారావు ఖద్దరు కట్టెను. శస్త్రచికిత్స నేర్చునపుడు ధరించు అంగీని సైతము ఖద్దరుతోనే కుట్టించుకొనెను. ఇది ఆంగ్లేయుఁడైన ఆచార్యునకు కంటగింపయ్యెను. పరీక్షలలో బాగుగ వ్రాసినను ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దొరకెను. సుబ్బారావు ఖద్దరును విడువలేదు, క్షమాపణమును వేఁడలేదు.

ఆ కాలముననే ఆ కుటుంబమునకు తీఱని దుఃఖము సంభవించెను. స్ప్రూ అను వ్యాధిచే ఆయన సోదరు లిరువురు కొలఁది దినముల వ్యవధిలో మరణించిరి. ఈ వ్యాధి సోకినవానికి తిన్న యన్నము ఒంటఁబట్టదు. ప్రేగులు ఆహారసారమును గ్రహింపఁజాలవు, రక్తము క్షీణించును, శరీరము నానాఁటికి శుష్కించును. నాఁటి వైద్యులకు దాని కారణమును తెలియదు, మందును తెలియదు. సుబ్బారావును వ్యాధిగ్రస్తుఁడై ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనెను. తాను బ్రదికెను, తోఁబుట్టువులు బ్రదుకలేదు. తెలియని రోగమునకు మందు వెదకుటయే తన కర్తవ్యమను భావము ఆయన హృదయమున నాటుకొనెను.

కొంతకాలము ఆయన చెన్నపట్టణములోని ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించెను. కాని పరిశోధనకు కావలసిన పరికరములు ఇచట లేకుండెను. అమెరికాకు పోవలెనని నిశ్చయించుకొనెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయము చేయుటకు ముందునకు వచ్చెను. మామగారును ధనము సమకూర్చిరి. గర్భవతియైన భార్యను పుట్టినింట విడిచి, కొలఁది యేండ్లలో తిరిగి వత్తునని చెప్పి సుబ్బారావు ఓడ యెక్కెను. పిదప జన్మించిన కుమారుఁడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డను చూడనేలేదు. శేషగిరియు భర్తను మరల చూడలేదు. సుబ్బారావు సాధించిన గొప్ప కార్యములను లెక్కించునపుడు ఈ సాధ్వి త్యాగమును మఱువరాదు.

ఆయన బోస్టను నగరము చేరి హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణమండల వ్యాధుల చికిత్సను అభ్యసించెను. చేతిలో ధనము లేదు. పగలు చదువు, రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపఱచు పని. వైద్యపట్టము కలవాఁడనను గర్వము ఆయన కడ్డురాలేదు. ఆ చదువు ముగిసిన పిమ్మట అదే విశ్వవిద్యాలయమునందలి జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి పని చేయుట కారంభించెను. ఫిస్కే ఆయనకు అప్పగించిన పని భాస్వరమును కొలుచుట.

రక్తములోని భాస్వరము స్వల్పము. అయినను దాని హెచ్చుతగ్గులు వైద్యునకు ముఖ్యములు. రికెట్స్ అను ఎముకల వ్యాధి సోకిన శిశువుల రక్తములో అది తగ్గును. మూత్రపిండములు చెడినవారి రక్తములో పెరుగును. దానిని కొలుచుటకు నీలిరంగును పుట్టించు పద్ధతులు అంతకు ముందే కొన్ని యుండెను. కాని వానిలో రంగు నిలుకడగా నుండకపోవుటయు, ఆలస్యముగా పుట్టుటయు, ద్రవమునందలి ఇతర పదార్థములు అడ్డు తగులుటయు మొదలగు లోపము లుండెను. లోపమున్న కొలతను నమ్మి చికిత్స చేయు టెట్లు?

ఫిస్కే, సుబ్బారావు లిరువురును ఈ లోపముల నొక్కొక్కటిగా పరీక్షించి తొలఁగించిరి. వారి పద్ధతి యిది. మొదట కొంచెము రక్తమును తీసి, ఒక ఆమ్లముచే అందలి మాంసకృత్తులను విఱిచి, వడియఁగట్టవలెను. ఆ తేఁటకు గంధకికామ్లముతో కూడిన అమ్మోనియం మాలిబ్డేట్ ద్రావణమును చేర్పవలెను. అప్పుడు భాస్వరము మాలిబ్డేటుతో కలియును. దానిపై అమైనో నాఫ్థాల్ సల్ఫానిక్ ఆమ్లమును కలిపినచో కొలఁది నిమిషములలో చక్కని నీలిరంగు పుట్టును. భాస్వర మెంత యెక్కువ యున్న రంగు అంత గాఢముగా నుండును.

ఇఁక ఆ రంగును కొలుచుటకు వర్ణమాపక మను యంత్రము కలదు. అందు రెండు గాజుపాత్ర లుండును. ఒకదానిలో భాస్వర పరిమాణము తెలిసిన ద్రావణమును, రెండవదానిలో పరీక్షింపవలసిన ద్రావణమును పోయుదురు. పైనుండి చూడఁగా రెండు రంగులును ప్రక్కప్రక్కనే కనిపించును. రెండును సమానముగా కనిపించు వఱకు ద్రావణముల లోతును సవరింతురు. తెలిసిన ద్రావణము 20 మిల్లీమీటర్ల లోతునను, తెలియనిది 10 మిల్లీమీటర్ల లోతునను సమానముగా కనిపించె ననుకొందము. సగము లోతులోనే అంత రంగు వచ్చినది కావున రెండవదానిలో భాస్వరము రెట్టింపు గాఢతతో నున్నదని తేలును. ఇంతటి సులభమైన లెక్క ఇది. ఈ పద్ధతి 1925వ సంవత్సరమున ప్రకటింపఁబడి ఫిస్కే–సుబ్బారావు పద్ధతి యను పేరుతో ప్రపంచమందలి ప్రయోగశాలలకు ప్రాఁకెను. 1959వ సంవత్సరమున బార్ట్‌లెట్ అను శాస్త్రజ్ఞుఁడు భాస్వరముతో కూడిన కొవ్వులను కొలుచుటకు దీనినే సవరించి వాడెను.

ఈ కొలత నుండియే ఒక గొప్ప సత్యము బయల్పడెను. రక్తమును పరీక్షించునపుడు నీలిరంగు కొలఁది నిమిషములలో పూర్తిగా వచ్చి నిలిచెడిది. కండరముల సారమును పరీక్షించినపుడు మాత్రము రంగు నిలువక, చాలసేపు క్రమక్రమముగా ముదురుచుండెను. ఇతరులైనచో పద్ధతిలో దోషము కలదని విసుగుకొని విడిచియుందురు. కాని వారు తమ పద్ధతిని గుండ్రాతివలె పరీక్షించి యుండిరి. దోషము కొలతలో లేదని వారికి తెలియును. అట్లయినచో కండరములోనే ఏదో విశేష ముండవలెను. సుబ్బారావు రాత్రింబవళ్లు ఆ విశేషమును వెదకెను. కండరములో భాస్వరముతో కూడిన యొక పదార్థ మున్నదనియు, అది ఆమ్లద్రావణములో మెల్లమెల్లగా విడిపోవుచు భాస్వరమును బయటికి వదలుటచేతనే రంగు ముదురుచున్నదనియు తేలెను. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పని చేయునపుడు అది విడిపోవును. విశ్రాంతి వేళ మరల నేర్పడును. ఇది 1927వ సంవత్సరమున ప్రకటితమయ్యెను. ఇంగ్లండులో ఎగుల్టన్ దంపతులును అదే కాలమున వేఱుగా ఈ పదార్థపు జాడను కనుఁగొనిరి. 1929వ సంవత్సరమున ఫిస్కే, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను మఱియొక పదార్థమును కండరమునుండి వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుఁడును ఆ సంవత్సరముననే దానిని కనుఁగొనెను. ఏ.టి.పి. అని నేఁడు పాఠశాల విద్యార్థులును ఎఱిఁగిన పదార్థ మిదియే. మనము నడచినను, వ్రాసినను, ఆలోచించినను శరీరకణములకు శక్తిని అందించునది ఇది.

1930వ సంవత్సరమున సుబ్బారావునకు డాక్టరేటు పట్టము లభించెను. అయినను హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. 1940వ సంవత్సరమున ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో లెడర్లీ ఔషధసంస్థయందు చేరి, పిమ్మట పరిశోధనశాఖకు అధ్యక్షుఁడయ్యెను. తోఁబుట్టువుల మరణమునాఁడు హృదయమున నాటుకొనిన సంకల్పము నెఱవేరు సమయము ఇచ్చట ఆసన్నమయ్యెను.

కొన్ని విధములైన రక్తహీనతను కాలేయముయొక్క సారము నయము చేయునని అప్పటికే తెలిసియుండెను. బొంబాయిలో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు గర్భిణీస్త్రీల రక్తహీనతకు ఈస్టుసారము పని చేయుటను 1931వ సంవత్సరమున తెలియఁజేసెను. ఈ ఆహారములలో దాఁగియున్న జీవపదార్థ మేది? అది యెంతయో స్వల్పము. రంగుచేతఁ గాని తూనికచేతఁ గాని పట్టువడదు. ఇచ్చటను కొలతయే దారి చూపెను. ఆ పదార్థము లేనిదే పెరుగఁజాలని సూక్ష్మజీవులు కొన్ని కలవు. పరీక్షింపవలసిన సారమును వానికి ఆహారముగా నిచ్చి, అవి యెంతగా పెరిగినవో చూచి ఆ పదార్థ పరిమాణమును లెక్కించిరి. సుబ్బారావు నాయకత్వమున పెక్కుమంది శాస్త్రజ్ఞులు అనేక సంవత్సరములు శ్రమించిరి. 1945వ సంవత్సరమున ఫోలిక్ ఆమ్లము అను ఆ జీవపదార్థమును ప్రయోగశాలలో తయారుచేయఁగలిగిరి. స్ప్రూ రోగులకు దానిని ఇచ్చిచూడఁగా క్షీణించిన రక్తము మరల వృద్ధిచెందెను. సోదరులను కబళించిన వ్యాధికి పాతికేండ్లు దాఁటిన పిమ్మట ఔషధము దొరకెను. వారికి అది అక్కఱకు రాలేదు; లోకమునకు వచ్చెను. నేఁడు మన ఆసుపత్రులలో గర్భిణీస్త్రీలకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలలో నున్నది ఈ ఫోలిక్ ఆమ్లమే.

రక్తకణములు పెరుగుటకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అట్లయినచో దానిని పోలియుండి దాని పని కడ్డుపడు పదార్థమును తయారుచేసినచో, హద్దు మీఱి పెరుగు కణములను నిలుపవచ్చును గదా! ఈ ఆలోచనతో ఆయన సంస్థలోని వారు అమైనాప్టెరిన్ అను ఔషధమును చేసిరి. 1947వ సంవత్సరమున బోస్టనులోని సిడ్నీ ఫార్బర్ అను వైద్యుఁడు దానిని రక్తపు క్యాన్సరు సోకిన బాలబాలికలకు ఇచ్చుట కారంభించెను. తాత్కాలికముగనే యైనను పలువురు పిల్లలు కోలుకొనిరి. అంతవఱకు ఆ వ్యాధిని మందు లొంగఁదీసిన జాడయే లేదు. దాని సోదరౌషధమైన మెథోట్రెక్సేట్ నేఁటికిని వాడుకలో నున్నది.

గోదావరి, కృష్ణా డెల్టాలలో బోదకాలు వ్యాధి చిరకాలమునుండి ప్రజలను బాధించినది. దోమకాటువలన శరీరమున ప్రవేశించు పురుగులచే అది కలుగును. ఆ పురుగులను నశింపఁజేయు హెట్రజాన్ అను మందు 1947వ సంవత్సరమున ఆయన నాయకత్వముననే వెలువడెను. ఆ యౌషధమునే మన ప్రభుత్వము 2004వ సంవత్సరము మొదలుకొని బోదకాలు గల జిల్లాలలో ప్రజలకు సామూహికముగా పంచిపెట్టినది. పుట్టిన నేలకు ఆయన తిరిగి రాలేకపోయినను ఆయన మందు ఆ నేలకు వచ్చి చేరెను. 1948వ సంవత్సరమున ప్రకటింపఁబడిన ఆరియోమైసిన్ అను ఔషధమును కనిపెట్టినవాఁడు వృద్ధ శాస్త్రజ్ఞుఁడైన డగ్గర్. ఆ పరిశోధనకు కావలసిన ప్రోత్సాహమును, వసతులను కల్పించినవాఁడు సుబ్బారావు.

ఇన్ని ఘనకార్యములు చేసియు ఆయన కీర్తిని కోరలేదు. పత్రికలలో తన పేరు ముందుండవలెనని ఆశింపలేదు. ప్రతి విజయమును తోడివారిదిగనే చెప్పెడివాఁడు. జీవితమున సగభాగము అమెరికాలో గడపినను ఆ దేశపు పౌరసత్వమును స్వీకరింపలేదు. నడివయస్సున విమానము నడుపుట సైతము నేర్చుకొనెను. 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో, ఏఁబదిమూఁడేండ్ల వయస్సున, నిద్రలోనే గుండె ఆగి మరణించెను. స్వదేశము స్వతంత్రమైన పిమ్మట ఒక్క సంవత్సరమైనను నిండలేదు. 1995వ సంవత్సరమున ఆయన శతజయంతిని పురస్కరించుకొని భారతప్రభుత్వము తపాలాబిళ్ల వెలువరించెను.

బాలలారా! సుబ్బారావు చరిత్రమును చదివినవారు ఆయన మందులను మెచ్చుకొందురు. ఆ మందులకు ముందు ఆయన చేసినదానిని గూడ మీరు గుర్తింపవలెను. నమ్మఁదగిన కొలతను ఏర్పఱచుకొనుటకు ఆయన సంవత్సరముల తరబడి ఓర్పుతో శ్రమించెను. రంగు నిలువవలసినచోట నిలువనపుడు దానిని తన యిష్టము వచ్చినట్లు సరిదిద్దుకొనక, అది చెప్పుచున్న సత్యమును వినెను. మీరు పాఠశాల ప్రయోగశాలలో బ్యూరెట్టు చేతఁబట్టినపుడు, అనుకొన్న సంఖ్య రాలేదని వచ్చిన సంఖ్యను దిద్దివ్రాయకుఁడు. ఉన్నది ఉన్నట్లు వ్రాయుఁడు. తప్పు చేతిలో నున్నదో వస్తువులో విశేషమే యున్నదో మరల చేసి చూడుఁడు. భీమవరములో పుట్టి రెండుమాఱులు పరీక్ష తప్పిన బాలుఁడు లోకోపకారి యగుటకు ఈ నడవడియే తోడ్పడెను.